ఏడో నెల పాప బోర్లా వేస్తే ఏడుస్తోంది: కదలికలు చక్కగా రావాలంటే ఇంట్లో ఏం చేయాలి?

సిరి అమ్మ, మియాపూర్

అందరికీ నమస్కారం. మా పాపకు ఆరు నెలలు నిండి ఏడో నెల నడుస్తోంది. నెలలు నిండాకే పుట్టింది. బరువు సరిగానే పెరుగుతోందని, చూపు, వినికిడి బాగానే ఉన్నాయని పిల్లల డాక్టరు గారు చెప్పారు. నా సందేహమంతా కదలికల గురించే. వెల్లకిలా పడుకోబెడితే కాళ్ళు పైకెత్తి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఎంతసేపైనా ఆడుకుంటుంది. బోర్లా పడటం కూడా వచ్చింది, కాకపోతే ఎప్పుడూ కుడి వైపుకే దొర్లుతుంది. బోర్లా పడ్డాక మోచేతుల మీద కాసేపు తల నిలబెట్టి, ఆ తరువాత చెంప కిందికి ఆనించి గుక్కపట్టి ఏడుస్తుంది. ఎత్తుకోగానే ఊరుకుంటుంది.

మేము ఉండేది అపార్ట్‌మెంట్‌లో. ఇల్లంతా నున్నటి టైల్స్. నేల మీద వేస్తే చలి చేస్తుందని, పాపకు ఒళ్ళు నొప్పులు వస్తాయని మా అత్తగారి భయం. అందువల్ల పగలంతా పాప ఊయలలోనో, మంచం మీదనో, ఎవరో ఒకరి చంకలోనో గడుపుతుంది. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి మధ్యాహ్నం వరకు పాప బాధ్యత అత్తగారిదే. ఈ మధ్య మా ఆడపడుచు తన బాబు వాడిన వాకర్ తెచ్చి ఇచ్చారు. అందులో కూర్చోబెడితే నడక త్వరగా వస్తుందని ఇంట్లో అందరూ అంటున్నారు. పక్క ఫ్లాటులో ఇదే వయసు బాబు అప్పుడే దోగాడటానికి సిద్ధమవుతున్నాడు.

ఏడుస్తున్నా బోర్లా వేయవచ్చా, వేస్తే ఎంతసేపు వేయాలి, వాకర్ వాడవచ్చా, అసలు మా పాప వెనుకబడి ఉందా అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే, అత్తగారిని నొప్పించకుండా ఇంట్లో మాట్లాడటానికి నాకు వీలుగా ఉంటుంది.

జవాబు: పిల్లల ఫిజియోథెరపిస్టు, సికింద్రాబాద్

సిరి అమ్మ గారూ, పాపను చూడకుండా నిర్ధారణగా చెప్పడం సరికాదు కాని, ఆరు నెలలు నిండిన పాప తనంతట తాను బోర్లా పడుతూ, కాళ్ళు నోటి దాకా తెచ్చుకుంటూ, మోచేతుల మీద తల నిలబెట్టగలుగుతోందంటే, మీరు రాసినంతవరకు కంగారు పడవలసినది నాకు కనబడలేదు. ఎప్పుడూ కుడి వైపుకే దొర్లుతుందన్న మాట మాత్రం నేను పట్టించుకుంటాను. దాని గురించి ఇంకాస్త వివరం రాయండి: నిద్రలో తల ఎటు ఉంటుంది, ఊయల ఏ వైపు గోడకు ఉంది, ఎడమ నుంచి పిలిస్తే తల పూర్తిగా తిప్పుతుందా?

ముందు ఏడుపు సంగతి. పుట్టినప్పుడు బిడ్డ తల మొత్తం ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. అంత బరువైన తలను మెడ వెనుక కండరాలతో, వీపుతో ఎత్తి పట్టుకోవడం ఆ వయసులో అన్నిటికన్నా కష్టమైన పని. పాప ఏడుపులో ఎక్కువ భాగం ఈ అలసటే. అందుకని బోర్లా వేయడం మానేస్తే ఆ కండరాలకు పని దొరకదు, అలసట తీరదు. అలాగని ఏడుస్తున్నా వదిలేసి గడియారం చూసుకుంటూ కూర్చోవడం కూడా మంచి పద్ధతి కాదు. తల వాలిపోవడం మొదలైనప్పుడే, గుక్కపట్టక ముందే, పాపను పక్కకు తిప్పి కాసేపు ఆడించి, మళ్ళీ కొంతసేపటికి వేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఇంకా కదిలి వెళ్ళలేని పసిపిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలి. ఇది ఒక్కసారిగా చేయవలసినది కాదు. ఒకటి రెండు నిమిషాల చొప్పున పోగుచేసుకున్నా చాలు. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు, కక్కుకుంటుంది. పక్కన పెద్దవారు కచ్చితంగా ఉండాలి. నిద్రపోయేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, ఈ రెండింటినీ కలపకూడదు. బోర్లా పడటం వచ్చింది కాబట్టి చేతులు కదలకుండా గుడ్డలో చుట్టే అలవాటు ఉంటే ఇక పూర్తిగా మానేయండి.

మంచం కన్నా నేల ఎందుకు మంచిదో మీ అత్తగారికి ఇలా చూపించండి. పరుపు మీద పాప మోచేతితో నొక్కితే పరుపు లోపలికి దిగుతుంది, పాప పెట్టిన బలం అందులోనే ఇంకిపోతుంది. గట్టి నేల మీద అదే బలం తిరిగి భుజానికి చేరి ఛాతీని పైకి లేపుతుంది. రోజూ గమనిస్తే ఈ క్రమం కంటికి కనబడుతుంది. మొదట రెండు మోచేతుల మీద భారం ఉంటుంది. కొన్నాళ్ళకు పాప ఒక మోచేతి మీదకు బరువు మార్చుకుని రెండో చేతిని బొమ్మ వైపు చాపుతుంది. ఆపైన అరచేతులు పూర్తిగా తెరిచి, మోచేతులు నిటారుగా పెట్టి, పొట్ట దాకా పైకి లేస్తుంది. అరచేతి మీద పడే ఈ భారమే ముందు ముందు వేళ్ళతో చిన్న వస్తువులు పట్టుకోవడానికి చేతిని సిద్ధం చేస్తుంది. తరువాత బొడ్డు దగ్గర ఇరుసు ఉన్నట్టు ఒంటిని గుండ్రంగా తిప్పుకుంటుంది. కొందరు పిల్లలు ముందుకు వెళ్ళాలని తోసి వెనక్కి జారతారు. చూసేవారికి అది తప్పు పద్ధతిలా కనబడుతుంది గాని, చేతులలో బలం కాళ్ళకన్నా ముందు వచ్చిందన్న గుర్తు మాత్రమే.

బోర్లా ఉండటానికి నేల ఒక్కటే చోటు కాదు. మీరు వెనక్కి వాలి కూర్చుని పాపను మీ ఛాతీ మీద బోర్లా వేసుకుంటే, మీ ముఖం చూడటానికి తనే తల ఎత్తుతుంది. నేల మీద వేసినప్పుడు పలచటి తువ్వాలును చుట్టగా చుట్టి చంకల కింద, ఛాతీకి ఆనేలా పెట్టి, చేతులు దాని ముందుకు వచ్చేలా సర్దితే భారం తగ్గి ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. బొమ్మను కంటి ఎదుటే పెట్టకుండా చేతికి జానెడు దూరంలో, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పెట్టండి. అన్నిటికన్నా మంచి బొమ్మ మీ ముఖమే. మీరు కూడా ఎదురుగా బోర్లా పడుకుని మాట్లాడండి.

ఇక వాకర్. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు, దయచేసి వాడకండి. వాకర్‌లో బిడ్డ బరువును మోసేది కాళ్ళు కాదు, తొడల మధ్య ఉండే గుడ్డ సీటు. బిడ్డ మునివేళ్ళతో నేలను తన్ని జారుతుంది. ఎదురుగా ఉన్న పళ్ళెం వల్ల తన పాదాలు తనకు కనబడవు. పక్కకు ఒరిగినప్పుడు నడుముతో సర్దుకుని నిలబడే అవసరమే రాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న చట్రమే పడకుండా ఆపుతుంది. నడకకు అసలు కావలసినవే ఆ సర్దుబాట్లు. దీనికి తోడు ప్రమాదం ఉంది. చక్రాల మీద ఉన్న బిడ్డ మనం ఒక్క అడుగు వేసేలోపు మెట్ల దగ్గరకో, టేబుల్ మీద వేలాడే ఇస్త్రీ పెట్టె వైరు దగ్గరకో, వేడి టీ గ్లాసు దగ్గరకో చేరిపోతుంది. ఈ కారణాలతోనే కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా నిషేధించాలని చాలాకాలంగా కోరుతోంది. నిలబడటం వచ్చాక, వెనుక నిలబడి తోసుకుంటూ నడిచే చెక్క బండి వేరు. అందులో బరువు బిడ్డ కాళ్ళ మీదే ఉంటుంది. మీరు పక్కన ఉంటూ, అది మరీ వేగంగా జారకుండా చూసుకుంటే చాలు.

పక్క ఫ్లాటు బాబుతో పోలిక గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు, చేతులు మోకాళ్ళ మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల లోపు, ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల లోపు వచ్చాయి. ఎంత విశాలమైన గడువో చూడండి. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లలలో ఒకరు ఎనిమిదో నెలలో, మరొకరు పన్నెండో నెలలో దోగాడటం మామూలు విషయమే.

అయితే గడువు విశాలంగా ఉంది కదా అని అన్నిటికీ ఎదురుచూడకూడదు. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు నిండినా కూర్చోబెడితే ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నర నిండినా నడవకపోవడం, ఒళ్ళు మరీ బిగుసుకుపోయినట్టో మరీ మెత్తగా వేలాడినట్టో ఉండటం, ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పిడికిలిగా ఉంచడం, వచ్చిన కదలిక మళ్ళీ పోవడం: వీటిలో ఏది కనబడినా డాక్టరుకు చూపించాలి. చివరిది కనబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. గర్భిణిగా ఉన్నప్పుడు ప్రభుత్వ కేంద్రంలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయసుకు ఏ కదలిక రావాలో బొమ్మలతో సహా ఉంటుంది. అది మీ దగ్గర ఉంటే తీసి అత్తగారితో కలిసి చూడండి.

జవాబు: రిటైర్డ్ టీచరు, మల్కాజిగిరి

సిరి తల్లికి ఆశీస్సులు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. నేను ముగ్గురు మనవలను పెంచిన అనుభవంతో, మీ అత్తగారి వైపు నుంచి కొంచెం రాయాలనుకుంటున్నాను.

నేల మీద వద్దని ఆమె అనడంలో మొండితనం లేదు, పాప మీద ప్రేమ ఉంది. వరంగల్ దగ్గర మా పాత ఇంట్లో నేల తాండూరు బండలది. ఆ గరుకు మీద పిల్లల మోకాలు, అరచేయి జారేవి కావు. ఇప్పటి టైల్స్ మీద పసిబిడ్డ మోకాలు పెట్టగానే పక్కకు జారి గడ్డం నేలకు కొట్టుకుంటుంది. అందుకని టైల్స్ మీద నేరుగా వేయకుండా మందపాటి నూలు జంపఖానా పరచండి. అది జారకుండా కింద రబ్బరు చాప వేస్తే ఇంకా మంచిది. నూలు జంపఖానా చలిని ఆపుతుంది, చెమటను పీలుస్తుంది, పాప వేళ్ళకు పట్టు ఇస్తుంది. మేజోళ్ళు తీసేయండి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులో పొద్దున నేల చల్లగా ఉన్నా, ఎండ గదిలోకి వచ్చే వేళకు పాదాలు, అరచేతులు బయటికి ఉండేలా బట్టలు వేస్తే చాలు. దళసరి స్వెట్టర్లు రెండేసి తొడిగితే బిడ్డ మోచేయి మడవలేదు.

మన ఇళ్ళలో పిల్లలను బోర్లా వేయడం కొత్త సంగతి ఏమీ కాదు. నీళ్ళు పోసే ఆమె పీట మీద కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి, బిడ్డను పిక్కల మీద బోర్లా వేసుకుని వీపు రుద్దడం మీ అత్తగారు తప్పకుండా చూసే ఉంటారు. అప్పుడు బిడ్డ తల పైకెత్తి చెంబు వైపు, నీళ్ళ చప్పుడు వైపు చూస్తుంది, చేతులు ముందుకు చాపుతుంది. ఇప్పుడు డాక్టర్లు చెబుతున్న కసరత్తు అదే. కాబట్టి ఆమెను గోడకు ఆనుకుని జంపఖానా మీద కాళ్ళు చాపుకుని కూర్చోమనండి. పాపను ఆమె కాళ్ళ మీద అడ్డంగా, బోర్లా వేసి, ముందర ఒక స్టీలు గిన్నె, గిలక్కాయ పెట్టండి. పాపకు చలి ఉండదు, ఆమెకు భయం ఉండదు. కొన్నాళ్ళకు పాప తానే కాళ్ళ మీద నుంచి నేలకు దిగిపోతుంది.

నూనె మర్దన విషయంలో ఒక హెచ్చరిక. మెత్తగా, నెమ్మదిగా రాసే మర్దన బిడ్డకు హాయి. కానీ కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, చేతులు కాళ్ళు గట్టిగా గుంజడం, కీళ్ళు చప్పుడయ్యేలా విరవడం, ముక్కులో చెవిలో నూనె వేయడం ఎవరు చేసినా ఒప్పుకోకండి.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని మన పెద్దలు ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క పిండివంట పెట్టారు. ఏ నెలలో ఏది చేయాలో మాత్రం పెట్టలేదు. బిడ్డ ఎప్పుడు పడితే అప్పుడే బొబ్బట్లు.

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, నిజాంపేట

మా రెండో అబ్బాయి 32 వారాలకే పుట్టాడు. మీ పాప విషయంలో ఇది వర్తించదు కాని, ఈ చర్చ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. నెలలు నిండక ముందు పుట్టిన పిల్లల కదలికలను లెక్కగట్టేటప్పుడు పుట్టిన తేదీ నుంచి కాకుండా, కాన్పు కావలసిన తేదీ నుంచి వయసు లెక్కించాలి. 40 వారాలకు బదులు 32 వారాలకు పుడితే ఎనిమిది వారాలు తగ్గించాలి. అంటే ఎనిమిది నెలల బిడ్డను ఆరు నెలల బిడ్డ చేసే పనులతో పోల్చాలి. రెండేళ్ళు నిండే వరకు ఈ లెక్క వాడాలని మాకు డాక్టరు గారు చెప్పారు. ఇది తెలియని బంధువులు వచ్చినప్పుడల్లా వేరే పిల్లలతో పోల్చి తల్లిని కలవరపెడుతుంటారు.

మీ ప్రశ్నకు నా వైపు నుంచి చెప్పదగినది ఒకటే. పాప రోజంతా ఎక్కడెక్కడ గడుపుతోందో ఒకసారి చూడండి. ఊయల, స్ట్రోలర్, బౌన్సర్, కారు సీటు, చంక, విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువ అనిపించదు, కలిపితే మెలకువగా ఉన్న సమయమంతా వాటికే పోతుంది. కదలనివ్వకుండా కట్టి ఉంచే వాటిలో ఒక్కసారికి గంటకు మించి ఉంచవద్దని పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల్లోనే ఉంది. ఏడాది లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దని కూడా ఉంది. బోర్లా వేసినప్పుడు ఏడవకుండా ఎదురుగా ఫోనులో బొమ్మలు పెట్టడం నేను చాలా ఇళ్ళలో చూశాను. బిడ్డ కదలడం ఆపేసి తెర వైపు చూస్తూ ఉండిపోతుంది, చేతులు చాపదు, పక్కకు తిరగదు. వేసిన ప్రయోజనమే పోతుంది.

మీరు ఇంటి నుంచే పనిచేస్తారు కాబట్టి, డైపర్ మార్చిన ప్రతిసారీ తిరిగి ఎత్తుకోకుండా అక్కడే కాసేపు బోర్లా వేయడం అలవాటు చేసుకుంటే, విడిగా సమయం వెతుక్కునే అవసరం రాదు. ఒక చిన్న పని ఇప్పుడే చేయండి: మీరే నేల మీద బోర్లా పడుకుని ఆ ఎత్తు నుంచి ఇల్లు చూడండి. సోఫా కింద దొర్లిన పల్లీ గింజ, రిమోట్ నుంచి ఊడిన బటన్ బ్యాటరీ, దోమల మందు పెట్టిన ప్లగ్గు, బాత్రూంలో నీళ్ళతో నింపి ఉంచిన బకెట్ అప్పుడు కనబడతాయి. పాప దోగాడటం మొదలుపెట్టాక వీటిని వెతికే తీరిక ఉండదు.

సిరి అమ్మ, మియాపూర్

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మల్కాజిగిరి అమ్మమ్మ గారి జవాబు మా అత్తగారికి చదివి వినిపించాను. నీళ్ళు పోయడం గురించి రాసినది వినగానే ఆమే జంపఖానా తెప్పించి కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. కాళ్ళ మీద ఉన్నప్పుడు పాప నేల మీద కన్నా ఎక్కువసేపు ఏడవకుండా ఉంటోంది. వాకర్ తిరిగి ఇచ్చేస్తానని ఆడపడుచుతో కూడా చెప్పాను.

ఫిజియోథెరపిస్టు గారు అడిగినవి: నిద్రలో తల ఎక్కువగా కుడి వైపే ఉంటుంది. ఊయల ఎడమ పక్క గోడ ఉంది, మేమంతా కుడి వైపు నుంచే వచ్చి పలకరిస్తాం, కిటికీ కూడా అటే. తల వెనుక కుడి భాగం కాస్త చదునుగా ఉన్నట్టు నాకు అనుమానం. ఎడమ నుంచి పిలిస్తే తిరుగుతుంది కాని ఆలస్యంగా తిరుగుతుంది. ఇంకో సందేహం, దిండ్లు చుట్టూ పెట్టి కూర్చోబెట్టవచ్చా? దోగాడకుండా నేరుగా నడిచే పిల్లలు ఉంటారంటారు, అది లోపమా?

జవాబు: పిల్లల ఫిజియోథెరపిస్టు, సికింద్రాబాద్

మీరు రాసిన వివరాలు చాలా ఉపయోగపడ్డాయి. వెలుతురు, మనుషులు, మాటలు అన్నీ కుడి వైపే ఉన్నప్పుడు బిడ్డ కుడికే తిరగడం సహజం. ఎప్పుడూ అదే వైపు పడుకుంటే ఆ భాగం చదునవడం, మెడ కండరాలు ఆ వైపుకే అలవాటు పడటం కూడా జరుగుతాయి. ఇవాళే ఊయలలో పాప తల పెట్టే వైపు మార్చండి, అంటే ఇప్పుడు కాళ్ళు ఉన్న చోట తల ఉండేలా పడుకోబెట్టండి. అప్పుడు కిటికీ, మీరు ఎడమకు వస్తారు. ఎత్తుకునేటప్పుడు భుజం మార్చండి. అన్నం పెట్టేటప్పుడు, బొమ్మ చూపించేటప్పుడు ఎడమ నుంచి ఇవ్వండి. వెల్లకిలా ఉన్నప్పుడు బొమ్మను కంటి ఎదుట నుంచి నెమ్మదిగా ఎడమకు, తల వెనుకగా తీసుకువెళితే పాప దానిని వెతుక్కుంటూ ఎడమకు దొర్లుతుంది. చేయి పట్టి లాగి దొర్లించకండి. అవసరమైతే తుంటి దగ్గర మాత్రం కొంచెం సాయం పట్టండి, మిగతా ఒంటిని తనే తిప్పుకోవాలి.

దిండ్ల మధ్య కాసేపు కూర్చోబెట్టడం తప్పు కాదు, ఉగ్గు తినిపించేటప్పుడు ఎలాగూ కూర్చోబెడతారు. కానీ అదే ఆటగా ఎక్కువసేపు ఉంచితే బిడ్డ నడుము వంచి దిండు మీద వాలిపోతుందే గాని కూర్చోవడం నేర్చుకోదు. మీ రెండు కాళ్ళ మధ్య నేల మీద కూర్చోబెట్టి, పాప రెండు అరచేతులు తన ముందు నేలకు ఆనించి ఉండేలా చూడండి. ఒరిగితే మీ కాలు ఆపుతుంది, ఆ లోపు సర్దుకునే ప్రయత్నం పాపదే అవుతుంది.

దోగాడటం గురించి: నేను పైన చెప్పిన అధ్యయనంలోనే నూటికి నలుగురు పిల్లలు చేతులు మోకాళ్ళ మీద దోగాడలేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన వయసుల పట్టికను సవరించినప్పుడు దోగాడటాన్ని అందులోంచి తీసేసింది. కూర్చునే జరిగేవారు, పొట్ట మీద పాకేవారు కూడా ఉంటారు. ఏ పద్ధతిలోనైనా రెండు వైపులా సమానంగా వాడుతూ ఒక చోటు నుంచి మరొక చోటుకు తనంతట తాను వెళుతోందా అన్నదే నేను చూస్తాను.

తొమ్మిది నెలలకు తట్టు, రుబెల్లా టీకా కోసం ఎలాగూ వెళతారు కాబట్టి, ఆ రోజు కూర్చోవడం, చేతుల వాడకం కూడా పరీక్షించమని అడగండి. ఏడాది లోపు పిల్లలకు రోజూ ఇవ్వవలసిన 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు ఆపేసి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. ఎదుగుదలలో జాప్యం అనుమానం ఉన్న పిల్లలకు ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో కూడా పసిపిల్లలకు ఈ సేవలు అందుతాయి. మీ పాపకు వాటి అవసరం ఉందని నేను అనడం లేదు, చదివేవారిలో ఎవరికైనా పనికివస్తుందని రాశాను. మీరు మాత్రం ఊయల వైపు మార్చాక కూడా ఎడమకు తల పూర్తిగా తిప్పలేకపోతోందని అనిపించినా, తల చదును పెరుగుతోందనిపించినా, టీకా తేదీ దాకా ఆగకుండా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.